తల వాల్చి పూసే నేల ఆర్కిడ్

ఆర్కిడ్ అనగానే చెట్టుకొమ్మను పట్టుకొని పెరిగే మొక్క తలపునకు వస్తుంది. కాని పసుపు, అల్లము వలె నేలలో దుంప పెట్టి బ్రతికే ఆర్కిడ్లూ ఉన్నాయి. జియోడోరం అట్టిది. తూర్పు కనుమల అడవులలో తొలకరికి మొలుస్తుంది. దాని పూకాడ నిటారుగా లేచి, కొస దగ్గర కొడవలి వలె వంగి, పూలగుత్తిని నేలవైపు వాలుస్తుంది. కాయ ముదిరేసరికి అదే కాడ మళ్ళీ నిటారవుతుంది!

ఈ మొక్క గ్రంథానికెక్కిన కథలో మన తెలుగునేలకు వంతు ఉన్నది. విలియం రాక్స్‌బర్గు అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781లో సామర్లకోట చేరి, 1793లో కలకత్తా తోటకు వెళ్ళేదాకా ఈ ప్రాంతంలోనే పనిచేసెను. మిరియాల సాగు చేయించాడు. మన దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించాడు. వాటిలో 300 ఏరి, కోరమాండల్ తీరపు మొక్కలన్న పేరిట మూడు సంపుటాలుగా లండనులో అచ్చువేసిరి. 1795లో వచ్చిన మొదటి సంపుటంలోనే మన మొక్క ఉన్నది. ఆయన దానికి పెట్టిన పేరులో న్యూటాన్స్ అన్న మాటకు తల వాల్చినదని అర్థం. తరువాత పండితులు పేరు పలుమార్లు మార్చారు, అది వారి తగవు. బొమ్మలు గీసినవారి పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

ఇక సాగు సంగతి. గరిడేపల్లి చుట్టుపక్కలకు 1967 తరువాత సాగర్ ఎడమ కాలువ నీరు వచ్చి వరి పెరిగింది. వరికి నీరు నిలవాలి, దీనికి నిలవరాదు. ఆకు కుళ్ళిన వదులు మన్ను, చెట్టునీడ, వానకాలపు తడి కావాలి. చలికాలంలో ఆకులు ఎండినాక దుంప నిద్రపోతుంది. అప్పుడు జాలిపడి రోజూ నీళ్ళు పోస్తే కుళ్ళిపోతుంది.

గింజ వేసి పెంచుదామంటే అదీ అంత తేలిక కాదు. గింజ దుమ్మంత సన్నం, లోపల తిండి నిలువ ఉండదు. మట్టిలోని ఒక రకం బూజు తిండి అందిస్తేనే మొలక నిలుస్తుంది. ఆర్కిడ్ గింజకు బూజుతో గల ఈ పొత్తును 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచివాడు పసిగట్టాడు. కనుక అడవిలో ఒక దుంప పెకలిస్తే, ఆ చోటు మళ్ళీ నిండడం చాలా కష్టం. అరకు చూసి వచ్చేటప్పుడు సంచిలో దుంప వేసుకు రావద్దండీ. ముచ్చటపడితే నర్సరీలో పెంచిన మొక్కనే కొని, అడుగున చిల్లులున్న కుండీలో నాటి, వేపచెట్టు నీడన పెట్టండి.