ఇసుక దిద్దుడు నుంచి లోడాష్ దాకా

జావాస్క్రిప్ట్ నేర్చుకునేవాళ్ళు తొలిరోజుల్లో చిన్న చిన్న ఫంక్షన్లు సొంతంగా రాసి ఒకచోట పోగేసుకుంటారు. జాబితాను ముక్కలు చేసేది ఒకటి, నకళ్ళు ఏరేసేది ఒకటి, అంకె ముందు సున్నాలు చేర్చేది ఇంకొకటి. తయారుగా దొరికేవాటిని మళ్ళీ రాయడం దండగని విసుక్కునేవాళ్ళున్నారు. తోటపల్లి గూడూరు లాంటి నెల్లూరు కోస్తా ఊళ్ళలో ఈ పని చేసే పిల్లలు తెలియకుండానే ఒక పాత చదువు బాట పట్టారు. ఉన్నదాన్ని తన చేత్తో మళ్ళీ కట్టడం మన నేలమీద ఏనాడూ దండగ అనిపించుకోలేదు.

1822లో మద్రాసు గవర్నరు మన్రో దేశీయ బడుల వివరాలు పంపమని జిల్లాలకు ఉత్తరువిచ్చాడు. నెల్లూరు నుంచీ జవాబు వెళ్ళింది. వచ్చిన నివేదికల్లో పేరుపడ్డది మాత్రం 1823 నాటి బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్‌ది. పిల్లలు ఇసుకలో వేలితో దిద్దడం, ముందు నేర్చినవాడు వెనకవాడికి చెప్పడం అందులో కనిపిస్తాయి. ఈ ఇసుక రాతనే పాదిరి ఆండ్రూ బెల్ మద్రాసు దగ్గర చూసి, ఎగ్మూరు అనాథాశ్రమంలో ప్రవేశపెట్టి, 1797లో ఇంగ్లండుకు పుస్తకంగా అందించాడు. వీధిబడిలో ఎక్కాలతోపాటు భిన్నాలూ నోటికి రావాలి: పరక ఎనిమిదో వంతు, వీసం పదహారో వంతు. పంట పంచుకోవాలంటే ఆ వంతులు చప్పున తేలాలి మరి.  ఉన్నదాన్ని తన చేత్తో మళ్ళీ కట్టడం పండితుల దారి కూడా. మహావీరాచార్యుడి తొమ్మిదో శతాబ్దపు గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు కొన్ని వదిలేశాడు, ఉదాహరణలు తనవి పెట్టుకున్నాడు.

జావాస్క్రిప్ట్ పెరిగిందీ అలాగే. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ తొలి రూపాన్ని పది రోజుల్లో కట్టాడు. ఆ తొందర గుర్తులు ఈనాటికీ ఉన్నాయి: 10, 9, 1 ఇచ్చి వరస పెట్టమంటే, ఏమీ చెప్పకపోతే అంకెల్ని అక్షరాలుగా పోల్చి 1, 10, 9 అంటుంది. లోటు పూడ్చడానికి 2005లో ప్రోటోటైప్, 2006లో జేక్వెరీ, 2009లో జెరెమీ అష్కెనాస్ అండర్‌స్కోర్, 2012లో లోడాష్ అనే లైబ్రరీలు వచ్చాయి. ఎవరికి వాళ్ళు రాసుకుంటూ వచ్చిన మ్యాప్, ఫిల్టర్ లాంటివి 2009 నాటి భాషా ప్రమాణంలో జావాస్క్రిప్ట్‌కే సొంతమయ్యాయి.

వీధిబడి చదువు వట్టి బట్టీ కాదా అంటే, చాలావరకు బట్టీయే. కాదనడం మొండితనం. అయితే తప్పుగా అప్పజెప్పితే దిద్దేది పంతులే, ఆయన ఏమరితే తప్పు నిలిచిపోయేది. ఫంక్షన్ తప్పితే, నడిపి చూడగానే యంత్రం చాలాసార్లు అక్కడికక్కడే బయటపెడుతుంది. ఇక లోడాష్ ఉండగా, అడిగితే ఏఐ రాసిపెడుతుండగా ఎందుకన్న ప్రశ్న. కంపెనీ పనికి లోడాషే వాడాలి, అభ్యాసపు కోడు అక్కడ పెట్టకూడదు. కానీ 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరసల ప్యాకేజీని దాని రచయిత జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భండారమైన ఎన్‌పీఎం నుంచి తీసేయగానే ప్రపంచమంతటా బిల్డులు ఆగిపోయాయి. మాట ఎడమవైపు అడిగిన పొడవు దాకా ఖాళీలో, వేరే అక్షరాలో నింపడం తప్ప అది చేసే పని లేదు. 2017లో ప్యాడ్‌స్టార్ట్ పేరుతో ఆ పని భాషలోకే వచ్చింది. నింపడానికి ఒక్క అక్షరమూ లేని ఖాళీ మాట ఇస్తే ప్యాడ్‌స్టార్ట్ ఉన్నదాన్ని ఉన్నట్టే తిరిగిస్తుంది. కొత్తవాడు వైల్ లూప్‌తో రాసుకున్న ఫంక్షన్‌కు అదే ఇస్తే పొడవు పెరగదు, లూప్ ఆగదు, బ్రౌజర్ ట్యాబ్ బిగుసుకుపోతుంది. ఆ ఒక్క షరతు ఎందుకు పెట్టారో అతనికి అప్పుడు తెలుస్తుంది.