పాకం చూసే మనిషి

మా కుశనూర్ బీదర్ జిల్లాలోని ఊరు. 1956 నవంబర్ 1న జిల్లాతో పాటు హైదరాబాద్ రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి మారింది. ఇలాంటి సంగతులు, భూముల లెక్కలు, శిస్తులు కాగితాల్లో దొరుకుతాయి. బెల్లం వండిన చేతుల గురించి రాసిపెట్టే పని ఎవరూ పెట్టుకోరు. అందుకే ఈ నాలుగు మాటలు.

చెరకు కోశాక జాగు చేయకూడదు. రోజు దాటితే అందులోని చక్కెర విడిపోవడం మొదలవుతుంది; ఆ రసం ఎంత కాచినా బెల్లం గట్టిపడక జిగటగా మిగులుతుంది. కోతా, గానుగా, పొయ్యీ దగ్గరదగ్గరగా ఉండేది ఇందుకే. గానుగకు ఇంజిన్ రాకముందు ఎడ్లే తిరిగేవి. మా ప్రాంతపు దేవణీ ఎడ్లు బరువు పనికి పెట్టింది పేరు. రసం వడకట్టి వెడల్పాటి కడాయిలో పోస్తారు, కింద ఎండిన పిప్పి మండిస్తారు. రసంలోని పులుపు విరగడానికి కాస్త సున్నపు తేట వేస్తారు. బెండ కాడలు దంచి తీసిన జిగురు కలిపితే మలినమంతా మడ్డిగా పైకి తేలుతుంది. ఆ మడ్డిని ఎంత ఓపికగా తీస్తే బెల్లం అంత శుభ్రం.

ఇక మిగిలింది పాకం. సుమారు 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర కడాయి దించాలని శాస్త్రం. పాకం చూసే మనిషికి థర్మామీటరుతో పనిలేదు. చన్నీళ్ళలో చుక్క వేసి, వేళ్ళ మధ్య ఉండ చేసి చూస్తాడు, దించమంటాడు. తొందరపడితే అచ్చులో నిలవదు, ఆలస్యమైతే మాడు వాసన. 100 కిలోల చెరకుకు వచ్చేది 10 కిలోలకు అటూఇటూ బెల్లం. రైతు ఏడాది కష్టమంతా ఆ రెండు వేళ్ళ మీద ఆధారపడుతుంది. పటేలు, పట్వారీల పేర్ల పక్కన ఈయన పేరూ ఉండాలని నా పట్టుదల.

1937లో నిజాం ఏలుబడిలో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. తర్వాతి కాలంలో మా జిల్లాలోనే హళ్ళిఖేడ్, భాల్కి వైపు సహకార కార్ఖానాలు వచ్చాయి. చెరకు తూచి కొనే చోటు దొరికాక రాత్రుళ్ళు పొయ్యి ముందు ఎందుకు కూర్చోవాలనుకున్న రైతును నేను తప్పుపట్టను.

నా బాధ రంగు గురించి. బజారులో పసుపచ్చగా మెరిసే దిమ్మెకే గిరాకీ. ఆ మెరుపు కోసం హైడ్రోస్ అనే గంధకపు మందు కలిపేవాళ్ళున్నారు. ఆ మందు వల్ల బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. మందు పడని బెల్లం సాధారణంగా ముదురు గోధుమరంగులో ఉంటుంది. దాన్ని చూసి నల్లబెల్లం, సారాకు తప్ప పనికిరాదని పక్కన పెడుతున్నారు. ఆ దిమ్మెకు తక్కువ ధర కట్టినంత కాలం పాకం చూడడం నేర్చుకోవడానికి ఏ కుర్రాడు వస్తాడు?