మరమ్మతు వెంబడి మరొక మరమ్మతు

కారు వేడెక్కుతున్నదని యజమాని దానిని షెడ్డుకు తీసుకొనిపోతాడు. మెకానిక్కు పరీక్షించి, రేడియేటరు మూత వదులై ఆవిరి పోతున్నదని గ్రహించి, కొత్త మూత బిగిస్తాడు. ఆ జబ్బు కుదురుతుంది. మూడవనాడు నడిరోడ్డు మీద నీళ్ళ గొట్టం పగిలి కారు ఆగిపోతుంది. "మొన్ననే గదయ్యా బాగుచేసి ఇచ్చావు, అప్పుడు లేని జబ్బు ఇప్పుడెలా వచ్చింది?" అని యజమాని నిలదీస్తాడు. "ఆ గొట్టం నేను ముట్టనైనా లేదు బాబూ, పాత బండి గదా" అని మెకానిక్కు అంటాడు. ఇటువంటి తగవు ఎరుగని ఊరు ఉండదు. మరమ్మతు జరిగిన వెంటనే పుట్టిన కొత్త లోపానికి ఆ మరమ్మతే కారణమా, లేక రెండూ కాకతాళీయంగా ఒకదాని వెంట ఒకటి వచ్చినవా?

ఈ ప్రశ్నకు లెక్కలతో కూడిన జవాబు ఒకటి మోటారు షెడ్డులో కాక, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాశ్రయాలలో దొరికినది.

1940 జూన్‌లో ఫ్రాన్సు లొంగిపోగానే, జర్మను జలాంతర్గాములకు అట్లాంటిక్ తీరపు రేవులు చేజిక్కినవి. బ్రిటనుకు కావలసిన ధాన్యమూ, చమురూ ఓడల మీద రావలసినవే. ఆ ఓడలకు పైనుంచి కాపలా కాసే బాధ్యత కోస్టల్ కమాండ్ అనే వైమానిక విభాగానిది. ఆనాటి జలాంతర్గామి తన బ్యాటరీలను నింపుకొనుటకు నీటిపైకి రాక తప్పదు. తలపైన విమానం కనబడినచో అది మునగవలెను. మునిగినచో దాని వేగం మందగించును. కనుక విమానం బాంబు వేయకపోయినా, ఎగురుతూ ఉండటమే ఓడలకు రక్ష. నేలమీద మరమ్మతులో ఉన్న విమానం వలన ఆ రక్ష లేదు.

1941లో భౌతికశాస్త్రజ్ఞుడు పాట్రిక్ బ్లాకెట్ ఈ విభాగానికి శాస్త్రీయ సలహాదారుగా వచ్చారు. 1948లో నోబెల్ బహుమానం పొందినది ఈయనే. యుద్ధ కార్యకలాపాలను అంకెలతో పరిశీలించే ఆపరేషనల్ రిసెర్చి బృందం ఆయన చేతిమీదుగా అక్కడ ఏర్పడినది. అందులో భౌతికశాస్త్రజ్ఞులతోపాటు జీవశాస్త్రజ్ఞులు కూడా చేరారు. సెసిల్ గోర్డన్ జన్యుశాస్త్రజ్ఞుడు. తరువాత బృందానికి నాయకత్వం వహించిన సి. హెచ్. వాడింగ్టన్ పిండశాస్త్రంలో పేరు పొందినవారు. ఆయన పసితనం నాటి మద్రాసు రాజధానిలోని తేయాకు తోటలో గడిచినది. ఇంజనుల పరిజ్ఞానం లేనివారు విమానాల సంగతి ఏమి తేల్చగలరని అనిపించవచ్చును. కాని వేలకొలది ప్రాణులలో ఎన్ని ఏ వయసులో చనిపోవునో లెక్కించటం జీవశాస్త్రజ్ఞులకు అలవాటైన పనే. విమానాల గుంపును కూడా వారు అదే కంటితో చూశారు.

వారికి ఎదురైన మొదటి చిక్కు ఒక నియమం. విమానాలలో 75 శాతం ఎప్పుడూ ఎగరటానికి సిద్ధంగా ఉండవలెనని కమాండ్ కోరేది. వినటానికి మంచి నియమమే. అయితే ఏ విమానాన్నీ ఎగరనీయకుంటే నూటికి నూరూ సిద్ధంగానే ఉంటవి! కావలసినది సిద్ధంగా నిలిచిన విమానాలు కావు, సముద్రం మీద గడిచిన గంటలు. విమానాలను ఎక్కువగా ఎగరనిచ్చి, మరమ్మతు పనివారి సమయం వృథా కాకుండా పనులను క్రమపరచే పద్ధతిని గోర్డన్ రూపొందించారు. ఒక దళం మీద ప్రయోగించి చూసినప్పుడు ఎగిరిన గంటలు గణనీయంగా పెరిగినవి.

ఆ పనిలోనే అసలు విశేషం బయటపడినది. లిబరేటర్ వంటి విమానాలను ప్రతి 50 గంటల ప్రయాణానికి ఒకసారి విప్పి, పరీక్షించి, బిగించేవారు. పరీక్ష జరిగిన తరువాత ఎగిరిన గంటలను గ్రాఫులో అడ్డంగానూ, అనుకోకుండా వచ్చిన మరమ్మతుల సంఖ్యను నిలువుగానూ గుర్తించారు. ఆ గీత ఎలా ఉండవలెనో విద్యార్థులు ముందుగా ఊహించి చూడవచ్చును. పరీక్ష మేలు చేసినచో, దాని తరువాత లోపాలు తక్కువగా ఉండి, గంటలు గడిచినకొద్దీ పెరుగుతూ, తిరిగి పరీక్ష వేళకు హెచ్చుగా ఉండవలెను. పరీక్ష వలన మేలూ కీడూ లేనిచో గీత సమతలంగా సాగవలెను. వాస్తవంగా వచ్చిన గీత ఈ రెండూ కాదు. పరీక్ష ముగిసిన వెంటనే లోపాలు ఒక్కసారిగా హెచ్చినవి. తరువాత క్రమంగా తగ్గినవి. తరువాతి పరీక్షకు ముందు పెరిగే సూచనే కనబడలేదు. ఆ పరీక్ష జరగగానే మళ్ళీ హెచ్చినవి.

దీని అర్థం ఒక్కటే. సవ్యంగా పనిచేస్తున్న అమరికను కదిలించటం వలననే కొన్ని లోపాలు పుడుతున్నవి. పనివారు అసమర్థులు కారు. విప్పిన ప్రతి నట్టూ తిరిగి బిగించవలసినదే. ఎన్నో నెలలుగా ఒకదానికొకటి ఒరుసుకొని కుదురుకొన్న భాగాలు మళ్ళీ కొత్తగా కుదురుకోవలెను. పెళుసెక్కిన తీగ ఒకసారి వంచితేనే చిట్లవచ్చును. పరీక్షల మధ్య వ్యవధి పెంచవలెననీ, ప్రయోజనం రుజువు కాని పనులు మానవలెననీ శాస్త్రజ్ఞులు సూచించారు. ఈ వివరాలు చాలాకాలం రహస్యంగా ఉండి, వాడింగ్టన్ గ్రంథం ద్వారా 1973లో గాని ప్రజలకు తెలియలేదు.

ఈలోగా పౌర విమానయానం వారు ఇంచుమించు అదే దారిని స్వయంగా కనుగొన్నారు. డగ్లస్ డీసీ-8 విమానానికి తొలి ప్రణాళికలో 339 భాగాలను నియమిత కాలానికి విప్పి బాగుచేయవలసి ఉండేది. తరువాతి డీసీ-10కి వచ్చేసరికి అటువంటివి 7 మాత్రమే మిగిలినవి. అమెరికాలో నౌలన్, హీప్ అనే ఇద్దరు 1978లో సమర్పించిన నివేదిక ప్రకారం, పరిశీలించిన విమాన భాగాలలో 68 శాతం కొత్తగా అమర్చినప్పుడే ఎక్కువగా చెడి, ఆ గండం గడిచిన తరువాత నిలకడగా పనిచేసినవి. వయసుతోపాటు చెడే స్వభావం స్పష్టంగా కనబడినవి నూటికి పదకొండే. శిశుమరణాలతో పోల్చి ఈ తొలి లోపాలకు ఇంజనీర్లు ఆ పేరే పెట్టారు. అలాగని పరీక్షలన్నీ దండుగని ఎవరూ అనలేదు. అరిగేవాటిని, ప్రాణాపాయం కలిగించేవాటిని చూడక తప్పదు. బ్రేకులు అటువంటివే.

ఇక కారు సంగతి. ఒక విమానాన్ని చూసి గోర్డన్ ఈ నిర్ణయానికి రాలేదు, రాలేరు కూడా. ఏడాదికి 6 సార్లు ఏదో ఒక లోపం వచ్చే పాత కారు ఒకటి ఉన్నదనుకొన్నచో, ఏ రెండు వారాలు తీసుకొన్నా వాటిలో కనీసం ఒక లోపం రావటానికి అవకాశం సుమారు అయిదింట ఒక వంతు. అనగా మెకానిక్కు చేయి పడకున్నా, అయిదు మరమ్మతులలో ఒకదాని వెంట రెండు వారాలలోపల మరో లోపం తనంత తానే వచ్చును. యజమానికి గుర్తుండేది ఆ ఒకటే. మిగిలిన నాలుగు సార్లు కారు చక్కగా నడచిన సంగతి ఎవరూ చెప్పుకోరు.

అయితే పగిలిన నీళ్ళ గొట్టం కథ కాకతాళీయం కాకపోవచ్చును. రేడియేటరు మూత నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. బయటి గాలికంటె ఒక అట్మాస్ఫియర్ ఎక్కువ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. అందుకే మూత బాగున్న కారు తేలికగా పొంగదు. వదులైన మూత వలన ఒత్తిడి పోతూ ఉన్నన్నాళ్ళూ, పాతబడిన రబ్బరు గొట్టం మీద భారం లేదు. కొత్త మూత పూర్తి ఒత్తిడిని నిలిపినది. గొట్టం తట్టుకోలేకపోయినది. మెకానిక్కు దానిని ముట్టలేదన్నది నిజం; అతని మరమ్మతు తరువాతనే అది పగిలినదన్నదీ నిజం. మూత మార్చిన రోజున గొట్టాన్ని వేళ్ళతో నొక్కి, మెత్తబడినదా, బీటలు వారినదా అని చూసి ఉన్నచో తెలిసేది.

అందుచేత అనుభవజ్ఞులైన మెకానిక్కులు కొత్త లోపంతో తిరిగివచ్చిన బండికి ముందుగా తాము కడపట విప్పిన చోటునూ, దానికి ఇరుగుపొరుగున ఉన్న గొట్టాలనూ, తీగలనూ, బోల్టులనూ చూస్తారు. చక్రం విప్పి బిగించిన తరువాత నూరు కిలోమీటర్లలోపు నట్టులను మరోసారి బిగించి చూడవలెనన్న ఆనవాయితీ కూడా ఇందుకే పుట్టినది. బండి తిరిగిన కిలోమీటర్లు, తేదీ, విప్పిన భాగాలు, తిరిగి వచ్చిన లోపం, ఈ నాలుగింటినీ షెడ్డువారు ఒక పుస్తకంలో రాసి ఉంచినచో, కొన్ని నెలలలో కోస్టల్ కమాండ్ గ్రాఫు వంటిదానిని ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా గీయగలడు.