మొదటి పరిశోధన: పుకారు నుంచి సిద్ధాంతం దాకా

మనోవిజ్ఞాన శాస్త్రంలో మొదటిసారి ప్రాజెక్టు చేపట్టే విద్యార్థికి ఎదురయ్యే తొలి సమస్య అంశం ఎంపిక. అంగళ్లు, పుంగనూరు, కుప్పం వంటి చోట్ల ఉండి చదివేవారిలో కొందరు, ప్రయోగశాల అందుబాటులో లేదు కనుక పరిశోధన తమకు సాధ్యం కాదనుకొంటారు. ఈ శాస్త్ర చరిత్ర ఆ అభిప్రాయాన్ని బలపరచదు.

మన దేశంలో ఈ శాస్త్రం ప్రయోగశాలతోనే మొదలైన మాట నిజం. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనోవిజ్ఞాన శాస్త్ర విభాగం ఏర్పడింది. దానికి నాయకత్వం వహించిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో చదివారు. 1924లో మైసూరు విశ్వవిద్యాలయంలోనూ విభాగం మొదలైంది. తొలి పరిశోధనలు చాలావరకు పాశ్చాత్యుల ప్రశ్నలనే ఇక్కడ మళ్లీ పరీక్షించాయి.

దీనికి భిన్నమైన దారి 1934 జనవరి 15న బిహార్ భూకంపం తరువాత కనిపించింది. ప్రకంపనలు తెలిసినా పెద్దగా నష్టం జరగని ప్రాంతాల్లో వ్యాపించిన పుకార్లను జమునా ప్రసాద్ సేకరించి, 1935లో ప్రచురించారు. ఇంకా పెద్ద విపత్తులు రాబోతున్నాయన్నవి వాటిలో ఎన్నో. 1950లో డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడినప్పుడు దుర్గానంద్ సిన్హా ఇటువంటి అధ్యయనమే చేశారు. విధ్వంసాన్ని కళ్లారా చూసినవారిలో అటువంటి భయంకర జోస్యాలు ఆయనకు కనబడలేదు.

1957లో అమెరికన్ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ తన సంజ్ఞానాత్మక వైరుధ్య సిద్ధాంతానికి ఈ రెండు అధ్యయనాలను ఆధారంగా చూపారు. భయం ఉంది, కంటికి కారణం లేదు. ఆ భయానికి తగిన కారణాన్ని పుకారు సమకూర్చిందని ఆయన వివరణ. అయితే ఒక హెచ్చరిక అవసరం. రెండు సంఘటనలు, రెండు ప్రాంతాలు, ఇద్దరు పరిశోధకులు. కాబట్టి ఈ పోలిక వివరణకు మద్దతు ఇస్తుందే తప్ప దాన్ని రుజువు చేయదు.

మన ప్రాంతానికీ పరిశోధన కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయ వైద్యులు 1950లలో చుట్టుపక్కల పల్లెల ప్రజల్లో చేసిన అధ్యయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడింది.

ఇక మీ ప్రాజెక్టు. మదనపల్లె టమోటా మార్కెట్లో ధర గురించిన వదంతులు రోజూ వింటాం. పంట చేతిలో ఉన్న రైతు, పంట అమ్మేసిన రైతు ఒకే వదంతిని ఒకే విధంగా నమ్ముతారా? ఇది పరికల్పనగా మార్చదగిన ప్రశ్న. విన్న మాటను విన్నరోజే, తేదీతో సహా రాసుకోండి. ధర తేలిన తరువాత అడిగితే జ్ఞాపకం మారిపోతుంది. సమాధానమిచ్చేవారి అనుమతి తీసుకోండి, పేర్లు రాయకండి. అప్పు, నష్టం గురించి చెప్పిన మాట బజారులో బయటపడితే నష్టపోయేది ఆ రైతే. రెండు వర్గాల మధ్య తేడా కనిపించకపోతే అదే ఫలితమని రాయండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ప్రసాద్, సిన్హా అధ్యయనాలను పోల్చడంలో ఉన్న పరిమితులేవి?