దోసిలి, మరచెంబు, మడత గ్లాసు



గడచిన సంక్రాంతికి మా అమ్మాయి బెంగుళూరు నుండి వచ్చుచు నాకొక మడత గ్లాసు తెచ్చి యిచ్చినది. అది సిలికానుతో చేసినది. నొక్కినచో అప్పచ్చివలె అణగి జేబులో ఇముడును, లాగినచో గ్లాసగును. పైన ఒక మూత, వ్రేళ్లు కాలకుండ నడుమునకొక పట్టీ. "నాన్నా, ఎప్పుడూ ఎమ్మిగనూరుకీ ఆదోనికీ తిరుగుతుంటావు. ఆ కాగితం కప్పుల్లో టీ తాగడం మాను" అని దాని ఆజ్ఞ.

ఆజ్ఞను శిరసావహించి మరునాడే ఆదోని బస్సు స్టాండు దగ్గరి టీ బండికడ దానిని విప్పి చాచితిని. బండివాడు నా గ్లాసును తాకకుండ, పాత్రను మూరెడెత్తున ఎత్తిపట్టి, సన్నని ధారగా పోసెను. పాపము, అతడు తన వాడుక చొప్పుననే పోసెను. కాని ఆ ధారను చూచినంతనే నా చేయి ఒక్క క్షణము వణకినది. ఇట్టి ధారను నేను చిన్ననాట ఎన్నోమారులు చూచియుంటిని. ఆనాడు క్రిందనున్నది గ్లాసు కాదు, దోసిలి.

ప్రయాణములో దాహము తీర్చుకొనుటకు మనుష్యుడు వాడిన మొదటి మడత పాత్ర దోసిలియే కదా! కావలసినపుడు విచ్చుకొనును, పని తీరినపిదప ముడుచుకొనును. అరచేతినే పాత్రగా గొన్న సన్న్యాసిని కరపాత్రి యని గౌరవించితిమి. మన ప్రాంతపు గొల్లలు సొరబుర్రను, బండ్లవారు తోలుతిత్తిని వెంట నుంచుకొనిరి. విందులలో మోదుగాకు దొప్పలు వచ్చినవి. ఒకమారు వాడి పారవేయు పాత్ర మనకు క్రొత్త కాదు. అది మట్టిలో కలియునా, కలియదా అన్నదే క్రొత్త ప్రశ్న.

వీనియందెల్ల దొరవంటిది మరచెంబు. ఇత్తడిదో రాగిదో, లోపల కళాయి, మెడకు మరలు తీర్చి బిగించు మూత, పట్టుకొనుటకు పిడి. కొన్నిటికి మూతయే గ్లాసుగా పనికివచ్చెడిది. నేటి మూతగల ప్రయాణపు గ్లాసులకు ఇది పితామహుడనవచ్చును.

మరచెంబుకు మన సీమలో వైభవము తెచ్చినది రైలు. చెన్నపట్టణము నుండి వచ్చిన మద్రాసు రైల్వే, బొంబాయి నుండి వచ్చిన రైల్వే 1871లో రాయచూరున కలిసికొన్నవి. గుంతకల్లు, ఆదోని, కోసిగి మీదుగా పోవు ఆ దారి వలన ఆదోని ప్రత్తి బొంబాయికి దగ్గరయినది. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలోనిది, 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు జిల్లాలో చేరినది. రాఘవేంద్రస్వామి బృందావనమును దర్శింప వచ్చు యాత్రికులు మంత్రాలయము రోడ్డు స్టేషనులో దిగుచుండిరి. మడి గల వారి చేతిలో మరచెంబు ఉండి తీరవలసినదే.

ఎందుకు? నీరు దొరకదని మాత్రము కాదు. దొరకిన నీరు ఎవరి చేతిదో యను శంక వలన. బ్రిటిషువారి కాలమున స్టేషనులలో హిందువుల నీరు వేరు, ముసల్మానుల నీరు వేరు. దక్షిణాదిని స్టేషను భోజనశాలలలో బ్రాహ్మణులకు వేరు గది. జస్టిసు పార్టీవారు దానిపై పోరాడిరి. తుదకు స్వాతంత్ర్యమునకు ముందే ఆ భేదము తొలగినది. నాటి ప్రయాణికునికి మరచెంబు సౌకర్యము మాత్రమే కాదు, చేత మోయదగిన ఒక చిన్న గోడ.

ఇచట మన భాషలోని ఒక మాట చెప్పవలయును. అది ఎంగిలి. పెదవి తాకినది ఎంగిలి. అందుచేతనే చెంబెత్తి నోటిలో పోసికొనుట. కాఫీ గ్లాసుకు అంచు వెలుపలికి మడచి, క్రింద ఒక గిన్నె నుంచుటలోను ఈ సౌలభ్యమున్నది. అంచు పట్టుకొన్న వ్రేలు కాలదు, గిన్నెలోనికి తిరుగబోసిన కాఫీ ఆరును, ఆరినదానిని పెదవి తగులకుండ ఎత్తి త్రాగవచ్చును. కాని పిల్లలు ఈ శాస్త్రమునకు ఏనాడో ప్రతిశాస్త్రము కనిపెట్టిరి. చొక్కా చెరగు కప్పి జామకాయ కొరికి "కాకి ఎంగిలి" యని స్నేహితున కిత్తురు! దోషము పోయినది, కాయ మిగిలినది.

పెద్దలకు ఆ తెలివి లేకపోయెను. 1972 ప్రాంతమున నేను హైస్కూలు చదువుచుండగా, ఎమ్మిగనూరుకు పడమట ఒక పల్లెలో నా సహపాఠితో కలిసి ఒక టీ హోటలుకు పోతిని. నేను లోపలి బల్లపై కూర్చుంటిని. అతడు బయటనే నిలిచి, చూరులో దోపియున్న ఒక గ్లాసును తీసికొని, టీ పోయించుకొని త్రాగి, తానే కడిగి, మరల చూరులో దోపెను. తరగతిలో మేమిరువురము ఒకే బల్లవారము. నేను అడుగలేదు, లేచి బయటకు రాలేదు. గ్లాసు ఖాళీ చేసి పైకము చెల్లించితిని. తిరుగుదారిలో లెక్కల పరీక్ష గురించి మాటలాడుకొంటిమి.

అప్పటికి చట్టము లేకపోలేదు. రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టములో, హోటళ్లలోను సత్రములలోను అందరి కొరకు ఉంచిన పాత్రలను వాడుకొననీయకపోవుట నేరమని ప్రత్యేకముగా వ్రాసిరి. ఒక గ్లాసు కొరకు పార్లమెంటు చట్టము చేయవలసివచ్చినది. చట్టము ఢిల్లీలో నున్నది, గ్లాసు చూరులో నున్నది.

ఉపాధ్యాయుడనైన తరువాత ఒక బడిలో ఇంకొక పాఠము నేర్చితిని. అచట కుండ దగ్గర ఒక బాలుడు నీరు పోయును, కొందరు పిల్లలు దోసిలి పట్టుదురు. నేను ఒకే గ్లాసు పెట్టి, ఎవరికి వారే ముంచుకొని త్రాగవలయునని నియమించితిని. ఎవరును ఎదురు చెప్పలేదు. మరునాటి నుండి కొందరు పిల్లలు ఇంటి నుండి సొంత చెంబులు తెచ్చుకొనిరి! శుభ్రత పేరిట నేనేమనగలను? ఎండలు ముదిరి, చెంబు మోయుట బరువై, ఆటల నడుమ దాహమై, నెలనాళ్లకు అందరును ఆ గ్లాసు దగ్గరకే వచ్చిరి. పిల్లల దాహము పెద్దల ఆచారముకన్న బలమైనదని నాడు తెలిసినది.

సొంత గ్లాసు కథ పాశ్చాత్యులదియు చిత్రమైనదే. అమెరికాలో రైళ్లలోను బడులలోను అందరికిని ఒకే రేకు కప్పు ఉండెడిది. క్షయరోగి త్రాగిన కప్పుతోనే పసిబిడ్డయు త్రాగుట చూచిన క్రంబైన్ అను వైద్యాధికారి ఉద్యమింపగా, 1909లో కాన్సాస్ రాష్ట్రము ఆ ఉమ్మడి కప్పును నిషేధించినది. ఒకదానిలో నొకటి ఇమిడెడి లోహపు వలయములతో చేసిన మడత కప్పులు అంతకు మునుపే సైనికులకు, యాత్రికులకు పరిచితములు. నిషేధముతో అట్టివానికి గిరాకి హెచ్చినది. లూయెలెన్, హ్యూ మూర్ అనువారు తెచ్చిన కాగితపు కప్పు "హెల్త్ కప్" అను పేర వ్యాపించి 1919లో "డిక్సీ కప్" అయినది. వారు భయపడినది క్రిమికి, మనము భయపడినది మనిషికి. చేసిన పని ఒక్కటే, కారణములు వేరు.

ఇపుడు నా చిక్కు మీకు బోధపడియుండును. మన ఊళ్లకు ప్లాస్టికు, కాగితపు కప్పులు వచ్చినపుడు నేను లోలోపల సంతోషించితిని. చూరులోని గ్లాసు మాయమగుటలో చట్టముకన్న, బోధకన్న ఈ పారవేయు కప్పు పాత్ర తక్కువది కాదు. అందరికిని అదే కప్పు, కడుగవలసినవాడు లేడు. గుండె మారకపోయినను గ్లాసు మారినది.

ఆ సమానత్వమునకు వెల యేమో పిమ్మట తెలిసినది. కాగితపు కప్పు లోపల పలుచని ప్లాస్టికు పొర యుండును. వేడి ద్రవమును 100 మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉంచినచో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టికు కణములు అందు చేరునని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో తేల్చిరి. రైల్వే మంత్రిగా లాలూ ప్రసాద్ 2004లో మట్టి ముంతలను స్టేషనులకు తెచ్చిరి గాని, అది నిలద్రొక్కుకొనలేదు. 2022 జూలై 1 నుండి ఒకమారు వాడు ప్లాస్టికు కప్పులను దేశమంతట నిషేధించిరి. కాగితపువి మాత్రము ఆదోని ప్రత్తి మార్కెట్టు చుట్టు కాలువలలో నేటికిని తేలుచున్నవి.

కావున మడత గ్లాసు మంచిదే. కొనదలచినవారికి నా అనుభవము చెప్పెదను. సిలికాను వేడికి తాళును గాని, మొదట వాసన వేయును. రెండు మూడుమారులు మరిగిన నీట ఉంచవలయును. మడతలలో పాలమీగడ దాగును, విప్పి వ్రేలితో కడుగనిచో పులియును. మరియు పెద్దది కొనకుడు. మా అమ్మాయి తెచ్చినదానిలో బండివాని టీ అడుగున నలుసువలె కనబడినది. బరువుకు వెరవనివారికి చిన్న స్టీలు గ్లాసే ఉత్తమము.

అయితే సొంత గ్లాసు చేత పట్టినవాడు ఒక్క సంగతి మరువరాదు. మా తాతల మరచెంబును మరల మోయుచున్నామా, లేక వేరొకదానినా? వస్తువు చూచి చెప్పలేము, ఇచ్చిపుచ్చుకొను చేతులను చూచి చెప్పవలయును.

రెండవమారు ఆ టీ బండికి పోయినపుడు గ్లాసు చాచలేదు, అతని చేతికే యిచ్చితిని. "ఇదేం సార్, జాదూ గ్లాసా?" అని దానిని నొక్కి, లాగి, మరల నొక్కి, ప్రక్కవానికి చూపి, కడిగి, టీ నింపి యిచ్చెను. ఆ టీ నాకు రుచించినది.

మీ ప్రాంతములలో మరచెంబును ఏమందురో, మీ యిండ్ల అటుకలమీద ఇంకను ఉన్నదేమో తెలుపగోరెదను.

శుభమ్.