వారపు సభలో అతిథి వక్త

ఊరికి వచ్చిన పెద్దమనిషిని పిలిచి నాలుగు మంచిమాటలు చెప్పించుకొనుట మనకు కొత్త కాదు. దేవాలయ మండపములలో పురాణ శ్రవణము, పందిళ్ళలో హరికథ, సంస్థానములలో పండిత గోష్ఠి ఇట్టివే. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగిన పిమ్మట మన గ్రంథాలయములు పుస్తకములకే గాక ఉపన్యాసములకును నెలవులయ్యెను. అయితే ప్రతి వారము ఒకే దినమున, ఒకే వేళకు, ఆ మనుష్యులే కూడి, భోజనానంతరము కొత్తవాని ప్రసంగమొకటి విని, గడియారము చూచుకొని ఎవరి పనికి వారు వెడలిపోవు పద్ధతి వేరు. అది రోటరీ, లయన్స్ మొదలైన సేవాసంఘములతో పుట్టినది. ఆ ఇరువది నిమిషముల ప్రసంగము వలన లోకమునకు ఏమి ఒరిగినదో విచారింపదగియున్నది.

1905 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి అమెరికాలోని షికాగో నగరమున, యూనిటీ భవనములోని 711వ గదిలో నలుగురు కలిసికొనిరి. పాల్ హారిస్ న్యాయవాది. సిల్వెస్టర్ షీలే బొగ్గు వర్తకుడు. గస్టేవస్ లోయర్ గనుల ఇంజనీరు. హైరమ్ షోరే దుస్తులు కుట్టించు వ్యాపారి. వెర్మాంటు రాష్ట్రములోని చిన్న ఊరిలో పెరిగిన హారిస్‌కు ఆ మహానగరములో తెలిసినవారు అనేకులు ఉండియు ఆత్మీయులు కరవైరి. ఆ కొరత తీర్చుకొనుటకే ఈ కూటమి. ఒకసారి ఒకరి చోట, మరియొకసారి మరియొకరి చోట వంతులవారీగా కూడుచుండుటచే దానికి రోటరీ అను పేరు వచ్చినది. వృత్తికి ఒక్కని వంతున చేర్చుకొనుట నియమము. సభ్యులు తమలో తాము ఇచ్చిపుచ్చుకొన్న వ్యాపారమును లెక్క వ్రాయుటకు ప్రత్యేకముగా ఒకని నియమించుకొనిరనిన, ఆనాటి ఆశయము ఎంత పరిమితమో తెలియుచున్నది. ప్రసంగములును అందుకు తగినట్లే యుండెను. ఎవరి వృత్తిని గూర్చి వారు చెప్పుకొనెడివారు.

క్రమముగా దృష్టి బయటికి మరలెను. 1907లో నగరమధ్యమున ప్రజల ఉపయోగార్థము మరుగుదొడ్లు కట్టించు ప్రయత్నమునకు వారు పూనుకొనిరి. రోటరీవారి తొలి ప్రజాసేవ అది. 1908లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండవ క్లబ్బు ఏర్పడెను. మరుసటి సంవత్సరము దానికి చేరువనున్న ఓక్లండులో నెలకొన్న క్లబ్బు, వారమునకొకసారి మధ్యాహ్న భోజనవేళ కూడు ఆచారమును ప్రారంభించెను. ఊరికి మేలు చేయదలచినవాడు ఊరి సంగతి తెలిసికొనవలెను. బొగ్గు వర్తకునికి క్షయరోగము సంగతి తెలియదు. దర్జీకి బడిపిల్లల ఆకలి తెలియదు. తెలిసినవారిని పిలువవలసి వచ్చెను. పైగా ఏటికి ఏబది రెండు వారములు. సభ్యులు చెప్పుకొనవలసిన స్వవిషయములు కొలది మాసములలోనే తీరిపోవును. ఈ రెండు కారణముల వలన అతిథికి పీఠము ఏర్పడెను.

ఆ పీఠమునకు కొన్ని కట్టుబాట్లు కలవు. వక్తను వెదకి తెచ్చు బాధ్యత ఒక ఉపసంఘమునది. ఒక సభ్యుడు ఆయనను పరిచయము చేయును. మరియొకడు వందన సమర్పణ చేయును. సాధారణముగా పారితోషికము లేదు. భోజనము, ఒక చిన్న జ్ఞాపిక, కరతాళధ్వని మాత్రమే ప్రతిఫలము. అధ్యక్షుని ముందు గంట ఉండును. దుకాణము తెరువవలసినవారు, కచేరీకి పోవలసినవారు వినువారగుటచే కాలనియమము కఠినము. గంటలకొలది మాట్లాడ నేర్చిన వాగ్మికి ఇది శిక్ష. చెప్పవలసినది ఒక్కటే యుండి, దానిని సూటిగా చెప్పగలవానికి ఇది వరము. ఆకాశవాణి ప్రసంగమునకు కూర్చున్నవారెవరికైనను ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతిని ఎగతాళి చేసినవారును లేకపోలేదు. అమెరికన్ నవలాకారుడు సింక్లేర్ లూయిస్ 1922లో ప్రకటించిన 'బాబిట్' నవలలో ఇట్టి క్లబ్బుల విందులను, వాటిలోని ఊకదంపుడు ఉపన్యాసములను గట్టిగా ఎద్దేవ చేసెను. కడుపు నిండినవారు ఇంకొకరి మంచిమాట విని, వినుటయే సేవయని తృప్తిపడి లేచిపోవుదురనునది ఆక్షేపణ. ఇందులో నిజము లేదనరాదు. విన్నది చేతికి దిగకున్నచో అతిథి ప్రసంగము తాంబూలము వంటిదే. అయితే కొందరు అతిథులు అట్లు లేచిపోనీయలేదు. 1925వ సంవత్సరమునే తీసికొని చూతము.

ఆ యేడు జూన్ 30వ తేదీన ఒహాయో రాష్ట్రమున సీడార్ పాయింట్ అనుచోట లయన్స్ క్లబ్బుల మహాసభ జరుగుచుండెను. ఆ సంఘము 1917లో షికాగోకు చెందిన బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతో ఏర్పడినది. మహాసభకు అతిథిగా వచ్చినవారు హెలెన్ కెల్లర్. పందొమ్మిదవ మాసముననే చూపును, వినికిడిని కోల్పోయి, స్వయంకృషిచే విదుషీమణియైన ఆమెకు అంతకు మూడు దినములకు ముందే నలుబదియైదేండ్లు నిండెను. ఆమె ఆ సభవారిని పొగడుటకు రాలేదు. ఒక పని అడుగవచ్చిరి. నివారింపదగిన అంధత్వమును మీరు నివారింపుడు, చూపులేని బిడ్డకు చదువు చెప్పింపుడు, అంధులకు అండగా నిలిచి చీకటిపై దండెత్తుడు అని ఆమె సందేశము. ఆ సంఘము ఆమె మాట శిరసావహించెను. 1930లో ఇల్లినాయి రాష్ట్రములోని పియోరియా లయన్స్ క్లబ్బు అధ్యక్షుడు, నల్లని చేతికర్రతో వీథి దాటలేక తడబడుచున్న అంధుని చూచి, కర్రకు తెల్లరంగు పూయించిన బండ్లవారికి కనబడునుగదా యని తలచెను. ఆ క్లబ్బు తెల్లకర్రలు చేయించి పంచిపెట్టెను. తెల్లకర్ర పట్టినవానికి దారి విడువవలెనని ఆ ఊరిలో అదే సంవత్సరము శాసనమయ్యెను. మన పట్టణములలో లయన్స్‌వారు నడుపు కంటి ఆసుపత్రులకును, శస్త్రచికిత్సా శిబిరములకును మూలము ఆ ప్రసంగముననే కలదు.

అదే సంవత్సరము ఆగస్టులో, కలకత్తా రోటరీ క్లబ్బు మధ్యాహ్న విందులో గాంధీజీ మాట్లాడిరి. 1919లో ఏర్పడిన ఆ క్లబ్బు భారతదేశమున మొదటిది. వర్తక సంస్థల అధిపతులకు, ఉన్నతోద్యోగులకు నెలవు. గాంధీజీ ఎంచుకొన్న విషయము రాట్నము. పొలములో పనిలేని మాసములలో రైతు ఊరక కూర్చుండుటయే ఈ దేశ దారిద్ర్యమునకు ప్రధాన హేతువనియు, ఇంటింట సాగదగిన ఉపవృత్తి నూలు వడకుటయేననియు ఆ రోజులలో ఆయన ఎల్లెడల చెప్పుచుండెడి వాదము. మాంచెస్టరు వస్త్రములు దిగుమతియగు మహారేవులో, వర్తకుల పంక్తి నడుమ నిలిచి ఆ మాట చెప్పుటలో ఆయన ధైర్యము కనబడుచున్నది. మూడేండ్ల క్రిందటనే ప్రభుత్వము కారాగారమునకు పంపిన మనిషిని పిలిచి, నిశ్శబ్దముగా విన్న ఆతిథేయుల సంస్కారమును గూడ గుర్తింపవలెను. తమకు రుచింపని మాట చెప్పువానికి పీట వేయుటకంటె అతిథి సత్కారమునకు పెద్ద పరీక్ష వేరొకటి లేదు.

ఆ పరీక్షలో ఓడినవారి కథయు ఒకటి కలదు. జర్మనీలో మ్యూనిక్ రోటరీ క్లబ్బునకు 1929లో నోబెల్ బహుమానము పొందిన థామస్ మన్ సభ్యుడు. నాజీలు అధికారమునకు రాగానే, 1933 ఏప్రిల్‌లో ఆ క్లబ్బు యూదులైన సభ్యులతోపాటు ఆయనను గూడ తొలగించెను. ఆయన అప్పటికి ఉపన్యాస యాత్రకై విదేశములకు వెళ్ళియుండెను. తిరిగి స్వగృహమునకు రాలేకపోయెను. పాలకులకు రుచింపని కంఠములను వెలివేసి తమ సంఘమును కాపాడుకొందమని ఆ పెద్దలు తలపోసిరి. ఐదేండ్లు తిరుగకమునుపే, 1937లో, జర్మనీలోని రోటరీ క్లబ్బులన్నియు మూతబడెను. నచ్చని మాటకు తలుపు మూసినవారికి తుదకు ఇల్లే మిగులలేదు.

ఇంకొక తలుపు చాలకాలము మూయబడియే యుండెను. స్త్రీ అతిథిగా వచ్చి మాట్లాడవచ్చును. సభ్యురాలై వారము వారము కూర్చుండుటకు మాత్రము వీలులేదు. కాలిఫోర్నియాలోని డువార్టే అను చిన్న ఊరి రోటరీ క్లబ్బు 1977లో ముగ్గురు స్త్రీలను చేర్చుకొనగా, మరుసటి యేడు కేంద్రసంస్థ ఆ క్లబ్బునే వెలివేసెను. వివాదము అమెరికా సుప్రీంకోర్టు వరకు సాగి, 1987 మే 4వ తేదీన క్లబ్బు పక్షమున తీర్పు వచ్చెను. 1989లో రోటరీ తన నిబంధనలనే సవరించుకొనెను. లయన్స్‌వారు స్త్రీలకు సభ్యత్వమిచ్చినదియు 1987లోనే. హెలెన్ కెల్లర్ మాట శిరసావహించిన సంఘమునకు ఆమె తోడి స్త్రీలను పంక్తిలో కూర్చుండబెట్టుకొనుటకు అరువది రెండేండ్లు పట్టినది. 2022లో జెన్నిఫర్ జోన్స్ రోటరీ అంతర్జాతీయ సంస్థకు తొలి మహిళాధ్యక్షురాలయ్యెను.

మన దక్షిణాపథమున మద్రాసు రోటరీ క్లబ్బు 1929లో వెలసెను. లయన్స్ సంఘము 1956లో ఇండియాకు వచ్చెను. 1962లో కలకత్తాకు చెందిన నితీశ్ లాహరి రోటరీ ప్రపంచాధ్యక్షుడగుటతో ఆ పదవి తొలిసారిగా ఆసియా ఖండమునకు దక్కినది. తెలుగు పట్టణములలోను ఈ క్లబ్బులు వ్యాపించెను. డాక్టరు, ఇంజనీరు, కళాశాలాధ్యాపకుడు, వ్యవసాయ శాఖోద్యోగి అతిథులై వచ్చి తమ తమ శాస్త్రములను గూర్చి చెప్పిరి. కాని చాలకాలము ఆ సభల భాష ఇంగ్లీషే. వీథిలో బండి తోలువాని ఆరోగ్యమును గూర్చి వానికి తెలియని భాషలో చర్చ జరుగుట ఈ సభల లోపములలో ఒకటి. ఆ హద్దు దాటి వీథిలోనికి దిగినప్పుడే అవి రాణించెను. 1985లో రోటరీవారు పోలియో నిర్మూలనమును తమ వ్రతముగా స్వీకరించి, ప్రభుత్వములతోను, ప్రపంచ ఆరోగ్య సంస్థతోను చేయి కలిపిరి. చుక్కల మందు ఏల వేయవలెనో సభలో విన్న వర్తకుడే ఆదివారమునాడు శిబిరమునకు పోయి పిల్లలను పిలుచుకొని వచ్చెను. మన దేశమున సహజ పోలియో వైరసు వలన కలిగిన చివరి వ్యాధి 2011 జనవరిలో బెంగాలులోని హౌరా జిల్లాలో నమోదయ్యెను. 2014 మార్చి 27వ తేదీన మన దేశముతోపాటు ఆగ్నేయాసియా ప్రాంతమంతయు పోలియోరహితమని ప్రకటింపబడెను.

వారమునకొకసారి కూడవలెనను నిబంధనను రోటరీవారు 2016లో సడలించి, నెలకు రెండు సభలైనను చాలుననిరి. వినదలచిన ఉపన్యాసమును ఎవరికి వారు చేతిలోని యంత్రములోనే వినగలుగుచున్న కాలమిది. అయితే అట్లు వినువాడు తనకు ఇష్టమైన దానినే ఎంచుకొని వినును. వారపు సభలో ఆ ఎంపిక వినువానిది కాదు. ఈ వారము రాట్నము, పై వారము అంధత్వము, ఆ పై వారము మురుగుకాలువ. ఏది వచ్చినను పొరుగువాని ప్రక్కన కూర్చుండి వినవలసినదే. తాను కోరని సంగతిని గౌరవముతో వినుట, విన్నదానిలో చేయదగినది ఒకటి పట్టుకొని లేచుట: ఈ రెండును అలవడిన ఊరిలో అతిథి మాట్లాడిన ఇరువది నిమిషములు వ్యర్థము కావు.