అఫ్జల్‌గంజ్ నుంచి గచ్చిబౌలి దాకా: పుస్తకాలు పంచుకున్న చరిత్ర

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు పెన్షను సవరణ గురించో, వైద్య బిల్లుల గురించో రాయాలేమో అనుకున్నాను. "అవి రాసేవారు చాలామంది ఉన్నారు, మీరు లైబ్రరీల సంగతి రాయండి" అన్నారాయన. నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరైనవాణ్ణి. ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్ల మధ్య ముప్పై ఆరేళ్లు గడిపినవాణ్ణే తప్ప గ్రంథాలయ శాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా ఈ విషయం నా మనసుకు దగ్గరైనది. కారణం మా నాన్నగారి నోటుబుక్కు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. నాన్నగారు బడిపంతులు. ఊరి పఠన మందిరానికి ఆయన తన పుస్తకాలన్నీ ఇచ్చేశారు. ఇచ్చేముందు ఒక నోటుబుక్కులో వరుస సంఖ్య వేసి పుస్తకం పేరు, రాసినవారు, అచ్చయిన ఊరు రాసుకున్నారు. మొత్తం 212 పుస్తకాలు. 1980ల్లో ఒక వానాకాలం ఆ మందిరం కప్పు కూలింది. వాన మిగిల్చిన పుస్తకాలను చెదలు తిన్నాయి. నోటుబుక్కు మాత్రం మా ఇంట్లో ఉంది. పుస్తకాలు పోయి పట్టిక మిగిలిందన్నమాట. ఆ పట్టిక విలువ ఏమిటో నాకు ఇన్నేళ్ల తర్వాత గచ్చిబౌలి వల్ల తెలిసింది. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన గ్రంథాలయాల తొలి అడుగులు

హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు దాని వెనుక ఉన్న పెద్దలు. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో తెలుగు పుస్తకాలు ఒకచోట చేర్చి అందరికీ చదవనివ్వడమే అప్పటికి గొప్ప సాహసం. ఒక్కదానితో ఆగలేదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. చదవడానికి తగిన తెలుగు పుస్తకాలు చాలవని గ్రహించి 1906లో ఇక్కడే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపించారు. తర్వాత అది మద్రాసుకు తరలింది.

విచిత్రమేమంటే అదే 1901లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మరో పని మొదలుపెట్టింది. ఒక పుస్తకానికి తాము తయారుచేసిన క్యాటలాగు కార్డును అచ్చువేసి మిగతా గ్రంథాలయాలకు అమ్మసాగింది. ఒకే పుస్తకం వంద లైబ్రరీలలో ఉంటే వందమంది గుమాస్తాలు వంద కార్డులు రాయడం దేనికి? ఒకరు రాస్తే వందమందికీ పనికి వస్తుంది. ఆఫీసులో ఒకే జీ.వో.ను పది సెక్షన్లవారు చేత్తో నకలు రాసుకున్న రోజులు చూసిన మనకు ఆ సుఖం వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో విడివిడిగా ఉన్న గ్రంథాలయాలను ఒక్క తాటిమీదికి తెచ్చిన ఘనత ఆంధ్రులది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సభ చేసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణం. మరుసటి ఏడు "గ్రంథాలయ సర్వస్వము" పత్రిక వచ్చింది. ఒక ఊరి లైబ్రరీ కష్టసుఖాలు మరో ఊరికి తెలిసే దారి అది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. ఒక్క పెట్టె పుస్తకాలు కాలువ గట్టున ఉన్న ఎన్నో ఊళ్లకు పనికివచ్చాయి. మన వైపు వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరూ తిరిగి అమ్మారు. ఈ మహనీయులందరిదీ ఒకటే లెక్క. పుస్తకం ఒకచోట కూర్చుంటే ఒకరిది, కదిలితే పదిమందిది.

చట్టాలు, పైసలు, పెట్టెలు

ప్రభుత్వం వైపు చూస్తే 1891లో స్థాపించిన ఆసఫియా గ్రంథాలయం మనకు పెద్ద దిక్కు. అబిడ్స్ నుంచి 1936లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున కట్టిన భవనంలోకి మారింది. 1955లో హైదరాబాదు పబ్లిక్ లైబ్రరీల చట్టం వచ్చాక స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అయింది. అప్పటికి కోస్తా, రాయలసీమలలో 1948 నాటి మద్రాసు చట్టం అమలులో ఉంది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ లైబ్రరీల చట్టం తెచ్చారు. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద కేంద్ర గ్రంథాలయం, శాఖలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షేప కేంద్రాలు ఏర్పడ్డాయి.

ఈ నిక్షేప కేంద్రం సంగతి చాలామంది మరిచిపోయారు. లైబ్రరీ పెట్టలేని చోట ఒక నమ్మకస్తుడి దగ్గర కొన్ని పుస్తకాలు ఉంచేవారు. కొన్నాళ్లకు వాటిని వెనక్కి తీసుకుని వేరేవి ఇచ్చేవారు. కొత్తగా ఏమీ కొనకుండానే ఊరికి కొత్త పుస్తకాలు వచ్చినట్టయ్యేది. పంచుకోవడమంటే ఇంతకన్నా ఏముంది?

దీనికి డబ్బు ఎక్కడిదంటే మన ఇంటి పన్నులోదే. రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మీ రసీదు తీసి చూసుకోండి. ఎదురుగా ఉన్న అద్దాల మేడలవారూ కడతారు, మనమూ కడతాం.

గచ్చిబౌలిలో ఏం జరిగింది

నేను ఇప్పుడు మా అబ్బాయి దగ్గర కొండాపూర్‌లో ఉంటున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ వైపు బండరాళ్లు, పొదలు తప్ప ఏమీ ఉండేవి కావు. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి గారు ప్రారంభించారు. అదే ఏడు గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పుస్తకాల చరిత్రలో ఈ చోటుకు పేరు తెచ్చింది ఆ ట్రిపుల్ ఐటీయే.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కంప్యూటరు శాస్త్రజ్ఞుడై, 1994లో ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను కంప్యూటర్లలోకి ఎక్కించాలని తలపెట్టారు. మన దేశంలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ దానికి ముందు నిలిచింది. ఆ పథకానికే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. స్కానింగ్ చేసే పెద్ద కేంద్రాలలో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఒకటి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, సిటీ సెంట్రల్ లైబ్రరీ, ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం వంటి చోట్ల ఉన్న పాత పుస్తకాలు పేజీ పేజీ స్కానయ్యాయి. 2007 నాటికి ప్రపంచం మొత్తంమీద ఈ పథకంలో పదిహేను లక్షల పుస్తకాలు దాటాయి. సర్కారు లైబ్రరీ పుస్తకం ఇచ్చింది, విద్యాసంస్థ యంత్రాన్ని, మనుషులను పెట్టింది. ఎవరి బీరువా వారిదే, చదివే హక్కు మాత్రం అందరిదీ.

ఒక చలికాలం మా మనవడు "తాతయ్యా, ఆ నోటుబుక్కు ఇటివ్వు" అని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నేను పేరు చదవడం, వాడు వెతకడం. రెండేళ్లలో 212లో 64 పుస్తకాలు దొరికాయి. అందులో వ్యవసాయం మీద ఒక పాత పుస్తకం తెరవగానే మొదటి పేజీలో ఉస్మానియా లైబ్రరీ చీటీ కనబడింది. చివర వేసిన తేదీలోగా పుస్తకం తిరిగి ఇవ్వవలెనని ఆ చీటీ చెబుతోంది. నాన్నగారు అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న మాటలు ఇందులో లేవు. అవి మన ఊరి చెదలతోనే పోయాయి. కానీ ఆయన నాకు చదివి వినిపించిన పేజీలు మళ్లీ చదివాను. నోటుబుక్కు లేకపోతే ఏం వెతకాలో కూడా మాకు తెలిసేది కాదు.

ఒక్కచోటే ఉంటే వచ్చే ముప్పు

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. కాపీరైటు చిక్కుల వల్ల 2017 నాటికి ఆ డిజిటల్ లైబ్రరీ సైటు తెరుచుకోకుండా పోయింది. అయితే అంతకుముందే లక్షల పుస్తకాల ప్రతులను అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి దగ్గర కూడా చేర్చడంతో అవి దక్కాయి. మేం వెతికి పట్టుకున్నవీ అక్కడివే. మన ఊరి పఠన మందిరం అయినా, కోట్ల ఖర్చుతో నడిపిన కంప్యూటరు అయినా, ప్రతి ఒక్కచోటే ఉంటే ప్రమాదమే.

బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం కథ కూడా ఇదే చెబుతుంది. ఒక పుస్తకప్రియుడు జీవితమంతా సేకరించిన ఉర్దూ గ్రంథాలను 1990లలో చికాగో విశ్వవిద్యాలయంతో సహా కొన్ని అమెరికా గ్రంథాలయాలు ఉమ్మడిగా కొన్నాయి. దేశం దాటించకుండా హైదరాబాదులోనే ఈ కేంద్రంలో ఉంచాయి. 2000 ఆగస్టు వరదలో ఆ కేంద్రంలోకి నీళ్లు వచ్చి ఎన్నో పుస్తకాలు తడిసిపోయాయి. కొనేటప్పుడు కలిసిన చేతులు, కాపాడేటప్పుడూ ప్రతులు తీసేటప్పుడూ కలవడం ఎంత అవసరమో ఆ వరద చూపింది.

మనం చేయగలిగినది

ఢిల్లీలో 1988లో మొదలైన డెల్‌నెట్ పద్ధతి చూడండి. సభ్య గ్రంథాలయాలు తమ పుస్తకాల వివరాలు పంపుతాయి. అన్నీ కలిపి ఒక ఉమ్మడి పట్టిక అవుతుంది. తన దగ్గర లేని పుస్తకం ఎక్కడుందో లైబ్రేరియన్ అందులో చూసి, పాఠకుడి కోసం ఆ లైబ్రరీ నుంచి అరువు తెప్పిస్తాడు. గడువులోగా తిరిగి పంపే బాధ్యత తెప్పించిన లైబ్రరీది. మన భాషలో చెప్పాలంటే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ఫైలు పంపినట్టే. ట్రాన్సిట్ రిజిస్టరు సరిగా ఉంటే ఫైలు పోదు.

మూడేళ్ల కిందట ఒక శాఖా గ్రంథాలయంలో నోటుబుక్కులోని ఒక పుస్తకం అడిగాను. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడి ఉద్యోగి మర్యాదగా, "మా దగ్గర లేదండి, వేరే ఎక్కడుందో చెప్పలేను" అన్నాడు. అతని తప్పు లేదు. ఒక్కడే మనిషి, చేత్తో రాసే రిజిస్టరు. మాదాపూర్, కొండాపూర్ వైపు రంగారెడ్డి జిల్లా, చిక్కడపల్లి వైపు హైదరాబాదు. గ్రంథాలయ సంస్థలు రెండు. పాఠకుడికి మాత్రం సిటీ బస్సు ఒకటే. ఈ గీత అతనికి అడ్డు కాకూడదు.

మనం భవనాలు కట్టలేం, యంత్రాలు కొనలేం. పట్టిక మాత్రం రాయగలం. రిటైరైన గుమాస్తాలు, టైపిస్టులు, సూపరింటెండెంట్లు మన సంఘంలో ఎందరో ఉన్నారు. రిజిస్టరు తప్పు లేకుండా రాయడం మనకంటే బాగా ఎవరికి తెలుసు? మన ఇంటి దగ్గరి శాఖకు వెళ్లి, లైబ్రేరియన్ గారి అనుమతి తీసుకుని, వారానికి రెండు పూటలు కూర్చుంటే చాలు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, యాక్సెషన్ నంబరు. నాలుగు గళ్లు. ఒక ప్రతి ఆ శాఖలో, ఒకటి జిల్లా సంస్థలో, మూడోది మన సంఘం దగ్గర ఉంచుదాం. కంప్యూటరులోకి ఎక్కించడానికి ఈ చుట్టుపక్కల మనవలకు, మనవరాళ్లకు కొదువ లేదు.

నోటుబుక్కులో ఇంకా 148 పేర్లు టిక్కు పడకుండా ఉన్నాయి. అవి ఎక్కడో ఏదో బీరువాలో ఉండే ఉంటాయి. ఉన్నాయని చెప్పే పట్టిక కావాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి పేరుగా నా పేరు రాసుకోండి.